కీమ్యాన్ వెనక నడిచిన నెలలు

కీమ్యాన్‌కు చెవులు వినపడవని నాకు రెండో వారంలో తెలిసింది. ఆ తర్వాత ఆయన వెనక నడిచినన్నాళ్లూ నేను స్థిమితంగా ఉన్న పూట ఒక్కటి కూడా గుర్తుకు రాదు.

బంగారుపేట నుంచి మారికుప్పం పోయే రైలు మార్గంలో నేను అప్పుడే ట్రాక్ మెయింటెయినర్‌గా చేరాను. పాతవాళ్ల మాటలో గ్యాంగ్‌మన్. మెకానికల్ డిప్లొమా చదివి, పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. లక్కూరు పక్కన మా ఊళ్లో అందరికీ రైల్వే ఉద్యోగం అనే తెలుసు. గడ్డపార పట్టే ఉద్యోగమని మా అమ్మ ఎవరికీ చెప్పలేదు. నేను రాబర్ట్‌సన్‌పేటలో గది తీసుకుని రోజూ సైకిల్ మీద లైను దగ్గరికి పోయేవాణ్ణి.

ఆ లైన్లో అప్పటికింకా చాలా పని చేతులతోనే జరిగేది. ఇప్పుడైతే ఒక పసుపుపచ్చ యంత్రం వచ్చి పట్టాలను ఎత్తి, వాటి కింద అడ్డంగా ఉండే స్లీపర్ల అడుగున కంకర కూరి, తనంతట తాను కొలుచుకుని పోతుంది. అప్పుడు స్లీపరుకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు నిలబడి బీటర్లతో కంకరను కిందికి కూరేవాళ్లం. బీటరంటే ఒక వైపు మొద్దుగా ఉండే పికాసు. మా గ్యాంగ్ పెద్దను మేట్ అనేవాళ్లం. ఆయన దూరంగా బోర్లా పడుకుని, చెంప పట్టాకు ఆనించి, ఒక కన్ను మూసి చూసేవాడు. ఎక్కడ పల్లంగా కనిపిస్తే అక్కడికి చెయ్యెత్తి సైగ చేసేవాడు. అరచెయ్యి పైకి ఊపితే ఎత్తాలి, అడ్డంగా ఊపితే చాలు. నోటితో చెప్పేది తక్కువ. బీటర్ల చప్పుడులో మాట వినపడదు కాబట్టి గ్యాంగ్‌లో అందరూ చేతులతోనే మాట్లాడుకునేవాళ్లు. భోజనాల దగ్గర కూడా ఆ అలవాటు పోయేది కాదు. ఊరగాయ కావాలంటే వేలు నాకి చూపించేవాళ్లు.

గ్యాంగ్‌తో కలవకుండా ఒక్కడే పనిచేసే మనిషి కీమ్యాన్. గ్యాంగ్‌కు అప్పగించిన దూరమంతా, అంటే బీటంతా, ఆయన ప్రతిరోజూ నడవాలి. పోయేటప్పుడు ఒక పట్టా చూసుకుంటూ పోతాడు, తిరిగొచ్చేటప్పుడు రెండోది చూసుకుంటూ వస్తాడు. పట్టాను స్లీపరుకు పట్టి ఉంచే స్ప్రింగు క్లిప్పులు బండ్ల అదురుకు మెల్లగా బయటికి జారుతుంటాయి. వాటిని సుత్తితో మళ్లీ లోపలికి కొట్టాలి. భుజాన సుత్తి, పెద్ద స్పానర్, ఎర్రజెండా, పచ్చజెండా, ప్రమాదముంటే డ్రైవరుకు తెలిసేలా పట్టా మీద బిగించే టపాకాయల డబ్బా, ఇవి ఆయన సామాను. మా కీమ్యాన్‌ది ముళబాగిలు దగ్గరి పల్లె. ఏ పని మొదలుపెట్టినా ముందు కురుడుమలె వినాయకుడికి మొక్కుకునేవాడు, సుత్తికి కొత్త పిడి వేసినా సరే. నేను మామా అని పిలిచేవాణ్ణి.

చేరిన కొన్నాళ్లకు మేట్ నన్ను పిలిచి, "కీమ్యాన్ ఎనకాల పో అప్పా. బీటు నేర్చుకో" అన్నాడు. నాకు సంతోషమైంది. నడుం వంచే పని తప్పిందనుకున్నాను.

క్లిప్పు బిగువుగా ఉంటే సుత్తి దెబ్బకు గంటలాగా ఖంగుమంటుంది. వదులుగా ఉంటే చచ్చు చప్పుడు వస్తుంది. రెండో వారంలో ఒకరోజు పొద్దున సైనైడ్ దిబ్బల పక్కన నడుస్తున్నాం. బంగారం తీసేశాక గనుల మట్టిని గుట్టలుగా పోసిన దిబ్బలవి. గాలి లేస్తే ఆ బూడిదరంగు పొడి పట్టాల మీదికి, మా కళ్లలోకి వస్తుంది. కీమ్యాన్ ఒక క్లిప్పును కొట్టాడు. చచ్చు చప్పుడు వచ్చింది. ఆయన ముందుకు పోయాడు. నన్ను పరీక్షిస్తున్నాడేమో అనుకున్నాను.

"మామా" అని పిలిచాను. తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. తిరగలేదు. కంకర రాయి ఒకటి తీసుకుని ఆయన ముందు పడేలా విసిరాను. అప్పుడు తిరిగాడు.

"ఏంటికప్పా రాళ్లు యేస్తాండావు? నేనేమన్నా మామిడికాయనా?"

"ఆ క్లిప్పు లూజుగా ఉండాది మామా."

ఆయన నా కళ్లలోకి కాదు, పెదవుల వైపు చూశాడు. "ఉంటే కొట్టు. అందుకే కదా నిన్ను పంపించినారు" అన్నాడు.

'అందుకే' అన్న మాట దగ్గర నా ఆలోచన ఆగిపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం నీలగిరి తోపులో గ్యాంగ్ సంగటి డబ్బాలు విప్పినప్పుడు మేట్‌ను పక్కకు పిలిచి అడిగాను. ఆయన నవ్వాడు.

"తెలిసిపాయనా? నీ ముందరోనికి ఇంగా శానా దినాలు పట్టింది. డిప్లొమా అంటే డిప్లొమానే."

ఆ ముందరివాడు బదిలీ మీద బెంగళూరు వైపు పోయాడు. అతని స్థానంలో నన్ను పెట్టారు. బీటు నేర్పడానికి కాదు. కీమ్యాన్‌కు వెనకనుంచి వచ్చే బండి వినపడదు కాబట్టి, వినపడే చెవులు రెండు ఆయన వెంట ఉండాలని.

"సూపర్‌వైజర్‌కు చెప్తే?" అన్నాను.

"చెప్తే లైను మీద నుంచి తీసేసి ఆఫీసులో కూర్చోపెడ్తారు. నీళ్లు మోసేది, టేబుళ్లు తుడిసేది. ఈయప్ప సుత్తి పట్టుకోనే రిటైర్ కావల్లంటాడు. ఇంగ కొన్నాళ్లే కదా. ఆయన బీట్లో ఒక్కసారన్నా పట్టా చెడిందా? నువ్వు సుమ్నే ఎనకాల నడువు, చాలు."

సుమ్నే అంటే ఊరికే అని. కానీ ఆ నడకలో ఊరికే అనేది ఏమీ లేదు. టైముకు వచ్చే బండ్ల గురించి నాకు భయం లేదు. అవన్నీ కీమ్యాన్‌కు నోటికి వచ్చు. నా భయమంతా టైము లేని వాటి గురించి. ఒంటరిగా వచ్చే ఇంజను, అధికారుల తనిఖీ బండి, ఫ్యాక్టరీకి పోయే వ్యాగన్లు. డీజిల్ ఇంజను దడదడ దూరం నుంచే తెలిసేదని పాతవాళ్లు చెప్పేవాళ్లు. కరెంటు ఇంజను అలా చెప్పి రాదు. పైగా మా బీట్లో ఒకచోట లైను రాతి గుట్టను కోసి వేసిన కటింగ్ లోంచి వంపు తిరుగుతుంది. అక్కడ బండి దగ్గరికొచ్చే దాకా కనపడదు, గోడల మధ్య శబ్దం ఎటునుంచి వస్తోందో తెలియదు, ఫోనుకు సిగ్నల్ ఉండదు. కటింగ్ లోకి దిగే ముందు స్టేషనుకు ఫోన్ చేసి బండి ఏదైనా వదిలారా అని అడిగేవాణ్ణి. ఎవరో ఒకరు విసుక్కుంటూ లేదు అనేవాళ్లు. ఫోను పెట్టేసిన మరుక్షణం వదిలితే అన్న ఆలోచన నాతోపాటు కటింగ్ లోకి దిగేది.

కీమ్యాన్‌కు ఆ భయం లేదు. అప్పుడప్పుడు ఆగి, కుడికాలి చెప్పు విడిచి, అరికాలు పట్టా మీద పెట్టి నిలబడేవాడు. స్నానానికి నీళ్లు కాగాయో లేదో చూసుకుంటున్నట్టు ఉండేది ఆయన ముఖం. "బండి ఇంగా కోరమండల్ స్టేషను కూడా దాటల్యా" అనేవాడు. పట్టాలో అదురు వస్తుందనే మాట నిజమే. అయితే కటింగ్‌కు ముందు కొత్తగా ఒక జాయింట్ వేశారు. సిగ్నల్ కరెంటు అవతలికి పోకుండా పట్టా కొసల మధ్య ఫైబర్ ముక్క పెట్టే జాయింట్ అది. అక్కడ అదురు కొంతైనా ఆగిపోతుందని నా లెక్క. ఎంత ఆగుతుందో నాకు కచ్చితంగా తెలియదు. అది తెలియకపోవడమే నన్ను తినేసేది. ఆయన పెదవులు చదివేలా ఎదురుగా నిలబడి ఆ విషయం చెప్పాను.

"ఫైబరో గీబరో. నా కాలుకు తెలుస్తాదిలే అప్పా" అన్నాడు.

గ్యాంగ్‌తో బీటర్ పట్టిన రోజు ఒళ్లంతా నొప్పులతో మొద్దునిద్ర పోయేవాణ్ణి. కీమ్యాన్ వెనక నడిచిన రోజు ఒంట్లో అలసట ఉండేది కాదు, నిద్ర కూడా ఉండేది కాదు. గదిలో పక్కింటి కుక్కర్ కూత పెడితే ఉలిక్కిపడి లేచి నిలబడేవాణ్ణి. ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం మానేశాను. బండిలాగా వినపడి బండి కానివేవో ఒక్కొక్కటే గుర్తుపెట్టుకున్నాను: పైన కరెంటు తీగలో గాలి, గేటు దగ్గర గేరు మార్చే లారీ, రాగులు విసిరే మిల్లు, కొండ మీద ఎక్కడో రాళ్లు కొట్టే యంత్రం. గుర్తుపెట్టుకున్న కొద్దీ కొత్తవి తేలేవి.

ఇంతలో కీమ్యాన్‌కు వైద్య పరీక్ష దగ్గరపడింది. లైను మీద పనిచేసేవాళ్లకు కొన్నేళ్లకొకసారి కళ్లు, చెవులు చూస్తారు. పాసైతే సుత్తి ఆయనదే. తప్పితే లైను దిగాలి. కిందటిసారి డాక్టరు ఆయన్ను అటు తిప్పి నిలబెట్టి, తాను వెనక నిలబడి మెల్లగా అంకెలు చెప్పి తిరిగి చెప్పమన్నాడట. అప్పటికే చెవులు సగం పోయినా, ఎదురుగా బెంచీ మీద కూర్చున్న ముందరివాడు మోకాళ్ల మీద వేళ్లు పెట్టి చూపించి దాటించాడు. ఈసారి ఆ పని నాది. ఎవరూ నన్ను అడగలేదు. అందరూ అలా అనుకున్నారంతే.

నీలగిరి తోపులో సాధన మొదలైంది. మేట్ డాక్టరు. తలగుడ్డ మెడకు చుట్టుకుని, కీమ్యాన్ వెనక నిలబడి, నాకు మాత్రమే వినపడేలా అంకె చెప్పేవాడు. నేను కంకర కుప్ప మీద కూర్చుని వేళ్లు చూపేవాణ్ణి.

"అట్ల గబుక్కున చూపించగూడదు. దోమ తోల్తాండేటట్ల ఉండల్ల" అన్నాడు మేట్.

"ఆస్పత్రిలో దోమలుంటే డాక్టరుకు కోపం రాదా మేట్ అన్నా?" అని ఎవరో అన్నారు.

కీమ్యాన్ వరసగా సరైన అంకెలు చెప్పాడు. అప్పుడు మేట్ కన్నుగీటి, "నీ పెండ్లాం పేరేమి?" అని గుసగుసలాడాడు. నాకు ఏం చూపాలో తెలియక రెండు చేతులూ గాల్లో ఆపాను.

"పది!" అన్నాడు కీమ్యాన్.

గ్యాంగంతా పగలబడి నవ్వింది. కీమ్యాన్‌కు ఎందుకో తెలియలేదు, కానీ ఆయనా నవ్వాడు. నవ్వనిది గ్యాంగ్‌లో మేమంతా అక్కా అని పిలిచే ఒక్కామె మాత్రమే. ఆమె భర్త ఇదే లైను మీద పనిచేస్తూ బండి కింద పోయాడు. ఆయన ఉద్యోగం ఆమెకిచ్చారు. ఆయన పట్టిన బీటరే పట్టి, మగవాళ్లతో సమానంగా కంకర కూరేది. డబ్బా కడుగుతూ తల ఎత్తకుండా అంది:

"బాగుండాది మీ ఆట. నా మొగునికి రెండు చెవులూ బాగానే ఇనపడుతుండె."

నవ్వు ఆగిపోయింది. మేట్ తలగుడ్డ విప్పేశాడు. "ఏమమ్మా, మంచి మాటే లేదా నీ నోట్లో?" అని గొణిగాడు. ఆమె డబ్బా మూత బిగించింది. తర్వాత నాకొక్కడికి వినపడేలా, "నువ్వు ఏళ్లు చూపిస్తే ఆయప్ప మల్లా లైను ఎక్కుతాడు. చూపించకపోతే నిన్ను జన్మలో మర్చిపోడు. చూసుకో అప్పా" అంది.

ఆ రెండింటి మధ్యే తిరుగుతూ ఉండగా నాకు జలుబు చేసింది. మామూలు జలుబే, కానీ చెవులు మూసుకుపోయాయి. నా మాట నాకే బావిలోంచి వచ్చినట్టుండేది. సెలవు పెడితే కీమ్యాన్ ఒంటరిగా పోతాడు. గ్యాంగ్‌లో మనుషులు తక్కువ, ఆ వారం ఇంకొకరిని పంపలేనని మేట్ చెప్పేశాడు. అందుకని పోయాను. వినలేను కాబట్టి చూడాలని నిర్ణయించుకుని, ఆయన ముందు చూసి నడుస్తుంటే నేను వెనక్కి తిరిగి, స్లీపరు స్లీపరుకు కాలితో తడుముకుంటూ నడిచాను.

కటింగ్ దగ్గర స్టేషనుకు ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. ఆగమని కీమ్యాన్‌కు సైగ చేశాను. ఆయన చెప్పు విడిచి పట్టా మీద కాలు పెట్టి, ఏమీ లేదని తల ఊపి, లోపలికి పోయాడు. నేనూ దిగాను. ఆయన ఒక క్లిప్పు దగ్గర వంగి, సుత్తి ఎత్తాడు. నాకూ ఆయనకూ మధ్య కొంత దూరం ఉంది.

నాకు శబ్దమేమీ వినపడలేదు. వంపు దగ్గర గోడ తప్ప ఏమీ కనపడలేదు. కనిపించింది పైన తీగ. గాలి లేదు, అయినా కరెంటు తీగ సన్నగా వణుకుతోంది. ఇంజను నెత్తిన ఉండే చట్రం తీగను కిందినుంచి నొక్కుతూ వస్తుందని, ఆ అదురు ముందుగా పరిగెడుతుందని చదివాను. చదివింది గుర్తుకొచ్చేసరికే నేను పరిగెత్తుతున్నాను. పక్కకు కాదు, పట్టాల మధ్యనే, ఆయన వైపు. భుజం పట్టుకుని లాగాను. ఇద్దరం పక్క కాలవలో పడ్డాం. ఒంటరి ఇంజను ఒకటి హారన్ మోగిస్తూ మా మీదుగా వేడిగాలి విసిరి పోయింది. డ్రైవరు కిటికీలోంచి చెయ్యి ఊపుతూ తిట్టడం కనిపించింది. తిట్లు మా ఇద్దరిలో ఎవరికీ వినపడలేదు.

కీమ్యాన్ లేచి, ముందు సుత్తి కోసం చూశాడు. సుత్తి కంకరలో క్షేమంగానే ఉంది. తర్వాత పట్టా మీద అంటుకుపోయిన ఒక రేకు ముక్కను గోటితో గీకి తీశాడు. తిప్పి చూశాడు.

"ఇది నీ టిఫిన్ డబ్బా కదా?"

సంచి ఎప్పుడు నా భుజం మీంచి జారిందో నాకు తెలియదు. పెరుగన్నం పట్టా పొడుగునా తెల్లగా సాగి ఉంది.

"నువ్వు ఇట్ల వచ్చినావా? పట్టాల నడుమున?" అని చేత్తో దారి చూపించాడు.

తల ఊపాను.

"పక్కకు దూకాల్సింది కదప్పా."

"మీరో?"

ఆయన సుత్తి భుజానికెత్తుకున్నాడు. నా డబ్బా రేకును చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మిగిలిన బీటంతా మునుపటిలాగే ప్రతి క్లిప్పూ కొట్టుకుంటూ నడిచాడు, కానీ ప్రతి కొద్ది దూరానికీ ఆగి వెనక్కి తిరిగి చూశాడు. బండి కోసమనుకున్నాను. కాదు, నా వైపే చూస్తున్నాడు. మధ్యాహ్నం తన సంగటి సగం విరిచి నా చేతిలో పెట్టాడు. జరిగింది గ్యాంగ్‌కు నేనూ చెప్పలేదు, ఆయనా చెప్పలేదు.

పరీక్షకు బెంగళూరు రైల్వే ఆస్పత్రికి పోయిన రోజు పొద్దున బండిలో ఆయన నాతో వేళ్ల సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. చూపించాలా వద్దా అన్నది నేను తేల్చుకోనేలేదు. వైట్‌ఫీల్డ్ దాటాక కూడా తేలలేదు. ఆస్పత్రి వసారాలో రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. చూపిస్తే రేపు మళ్లీ ఆ కటింగ్. చూపించకపోతే ఆయన కళ్లు నన్ను వెతుకుతాయి, దొరకను.

కళ్ల పరీక్ష తేలిగ్గా అయిపోయింది. అట్టడుగు వరసలో అక్షరాలు కూడా చదివాడు. తర్వాత డాక్టరు ఆయన్ను తలుపు వైపు తిప్పి నిలబెట్టాడు. తలుపు పక్కన బెంచీ మీద నేనున్నాను. నన్నెవరూ పొమ్మనలేదు. డాక్టరు గది అవతలి గోడ దాకా పోయి, "ఏడు" అన్నాడు.

నా చేతులు నేను చెప్పకుండానే లేచాయి. మోకాళ్ల మీద ఒక చేతి అయిదు వేళ్లు, ఇంకో చేతివి రెండు.

కీమ్యాన్ నా ముఖం చూశాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. రెప్పలు ఒత్తి, గట్టిగా, గాలికి దిబ్బల పొడి లేచినప్పుడు మూసుకున్నట్టు.

డాక్టరు మళ్లీ చెప్పాడు. జవాబు లేదు. కొన్ని అడుగులు ముందుకొచ్చి చెప్పాడు. లేదు. ఇంకా దగ్గరికొచ్చాడు. నేను దగ్గాను. కీమ్యాన్‌కు అదీ వినపడలేదు, వినపడినా కళ్లు తెరిచేవాడు కాదేమో. చివరికి డాక్టరు ఆయన భుజం వెనకే నిలబడి గట్టిగా అన్నాడు. వసారాలో నర్సు తిరిగి చూసేంత గట్టిగా.

"ఏడు సార్" అన్నాడు కీమ్యాన్. "ఇప్పుడు ఇనపడింది."

డాక్టరు టేబుల్ దగ్గరికి పోయి రాయడం మొదలుపెట్టాడు. కీమ్యాన్ కళ్లు తెరిచాడు. నా ఏడు వేళ్లు ఇంకా మోకాళ్ల మీద అలాగే చాపి ఉన్నాయి.

"చేతులు దించప్పా" అన్నాడు మెల్లగా. "నొప్పి పుడతాయి."